పద్నాలుగు లిస్టులు, వారానికి రెండు గంటలు: ఒక ప్రాజెక్టు డైరీ

2025 జూన్ 8, ఆదివారం

నా సర్వర్ కోసం ఏ ఏ మెయిలింగ్ లిస్టుల్లో, అంటే ఒక సాఫ్ట్‌వేర్ గురించి జనం మెయిళ్లలో మాట్లాడుకునే గుంపుల్లో, చేరాలో తేల్చుకోవాలి. ఈ పని ఎందుకు పెట్టుకున్నానో ముందు రాసుకోవాలి. లేకపోతే నెల తిరిగేసరికి నాకే గుర్తుండదు.

గుంటూరు జిల్లాలో మూడు పాత గ్రంథాలయాల పుస్తకాలకు నేను తీరిక వేళల్లో ఒక ఉమ్మడి కేటలాగు నడుపుతున్నాను. డెబియన్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, ముందొక చిన్న వెబ్ పేజీ, అంతే. గ్రంథాలయాల కోసం కోహా అనే సాఫ్ట్‌వేర్ ఉందిగా, సొంతంగా ఎందుకు రాసుకున్నావని చాలామంది అడుగుతారు. కోహా మంచిదే. న్యూజిలాండ్‌లో ఒక గ్రంథాలయం కోసం పుట్టి 2000 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. కానీ మా వాళ్లు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే లెక్క ఇప్పటికీ రిజిస్టర్లోనే రాస్తారు. వాళ్లకు కావాల్సింది ఏ పుస్తకం ఏ ఊళ్లో ఉందో చెప్పే పెట్టె ఒక్కటే.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం లైబ్రేరియన్ మాస్టారు ఫోన్ చేశారు. "పుస్తకం బీరువాలో నా కళ్లెదుటే ఉంది నాయనా, మీ కంప్యూటర్ మాత్రం లేదంటోంది" అన్నారు. నంబర్ చెప్పమన్నాను. 1-1 అన్నారు. నేను వెతికినా దొరకలేదు. టేబుల్ మొత్తం ఒక్కో వరుసా చదివిస్తే మాత్రం ఉంది!

దానికి మూడు వారాల ముందు నేను పాత డెబియన్ 9 సర్వర్ నుంచి కొత్త డెబియన్ 12కి మారాను. డేటాబేస్ అదే పోస్ట్‌గ్రెస్ 11. ఫైళ్లు ఫైళ్లుగా కొత్త మిషన్‌కు నకలు చేసి, ఒక రాత్రి దాన్నే అసలు సర్వర్ చేశాను. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. హాయిగా పడుకున్నాను.

జరిగింది ఇదీ. అక్షరాలను ఏ వరుసలో పేర్చాలన్నది పోస్ట్‌గ్రెస్ సొంతంగా నిర్ణయించుకోదు. మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే గ్లిబ్‌సి అనే లైబ్రరీని (ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడ్) అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సి 2.28లో ఆ వరుస నియమాలు భారీగా మారాయి. పాత మిషన్‌లో 1-1, 11 అనే రెండు పదాలిచ్చి సార్ట్ చేయమంటే ముందు 11, తర్వాత 1-1 వచ్చేవి. కొత్త దాంట్లో ముందు 1-1, తర్వాత 11. మా మూడు గ్రంథాలయాల్లో ఒకటి రిజిస్టర్ నంబరూ పుస్తకం నంబరూ కలిపి గీత పెట్టి రాస్తుంది, ఇంకోటి గీత లేకుండా రాస్తుంది. అంటే గ్లిబ్‌సి మార్చిన చోటే మా నంబర్లన్నీ ఉన్నాయి.

పాత కార్డుల సొరుగులు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. కార్డులు పేర్చిన గుమాస్తా ఒక పద్ధతిలో పేర్చి వెళ్లిపోయాడు, వెతకడానికి వచ్చిన కొత్త గుమాస్తాది ఇంకో పద్ధతి. కార్డు సొరుగులోనే ఉంటుంది, కానీ ఇతను చూసే చోట ఉండదు. డేటాబేస్ త్వరగా వెతకడానికి వరుసగా పేర్చి పెట్టుకునే ఇండెక్స్‌కి పట్టిన గతి అదే. ఇంకా దారుణం ఏమిటంటే, ఉన్న నంబర్ 'లేదు' అని తేలడంతో అదే నంబర్‌తో మళ్లీ ఎంట్రీ వేయనిచ్చింది. ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదని నేను పెట్టిన నియమం కూడా ఆ ఇండెక్స్ మీదే ఆధారపడింది మరి. రెండుసార్లు ఎక్కిన పుస్తకాలు 37 తేలాయి. వాటిని ఏరి, కలిపి, ఇండెక్సులన్నీ మళ్లీ కట్టించేసరికి రెండు ఆదివారాలు పోయాయి.

పోయిన ఆదివారాల గురించి కాదు నా బాధ. ఈ సంగతి 2018, 19 నాటికే పోస్ట్‌గ్రెస్ మెయిలింగ్ లిస్టుల్లో నలిగింది, వాళ్ల వికీలో దీనికోసం ఒక పేజీ కూడా ఉంది. 1-1, 11 పరీక్షతో సహా. ఊరంతా తెలిసిన ముచ్చట నా చెవిన పడటానికి నాలుగేళ్లు పట్టింది.

ఇప్పుడు మూడో గ్రంథాలయం పుస్తకాలు కూడా ఎక్కడం పూర్తయింది. సర్వర్‌ను గాలికి వదిలేస్తే కుదరదు. అందుకని ఈ ప్రాజెక్టు: ఏ ఏ మెయిలింగ్ లిస్టుల్లో చేరాలో తేల్చుకోవడం. దానికి వారానికి రెండు గంటలు మించకూడదు.

జూన్ 10, మంగళవారం

ఉత్సాహం ఎక్కువైంది. ఒక్క కూర్చోవడంలో పద్నాలుగు లిస్టుల్లో చేరిపోయాను. లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లిస్టు, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ లిస్టు. పోస్ట్‌గ్రెస్‌వి నాలుగు: అనౌన్స్, జనరల్, హ్యాకర్స్ (దాన్ని తయారుచేసేవాళ్లది), పర్‌ఫార్మెన్స్. డెబియన్‌వి నాలుగు: అనౌన్స్, సెక్యూరిటీ అనౌన్స్, డెవెల్, యూజర్. ఆపైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముల భద్రతా లోపాలు చర్చించే ఓఎస్ఎస్-సెక్యూరిటీ, గ్లిబ్‌సి వాళ్ల లిబ్‌సి-ఆల్ఫా. తెలుగు మీద మమకారంతో హార్ఫ్‌బజ్, ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్.

కెర్నల్ లిస్టులో ఎందుకు చేరానంటే నా దగ్గర సరైన జవాబు లేదు. పెద్ద పేరు. పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నాక అన్నీ వడ్డించమన్నట్టు.

జూన్ 13, శుక్రవారం

మూడు రోజులు. చదవని మెయిళ్లు 4,100 దాటాయి. కరెంటు బిల్లు రసీదు వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఇంట్లో ఫోన్ మోగీ మోగీ, చివరికి మా అమ్మ దాన్ని దిండు కింద పెట్టేసింది.

ఇందులో సింహభాగం కెర్నల్‌ది. రోజుకు వందల్లో వస్తాయి, కొన్ని రోజులు వెయ్యి దాటుతాయి. అసలు ఆ పని చేసేవాళ్లే ఆ లిస్టును పూర్తిగా చదవరట. కెర్నల్ సోర్సులో మెయింటెయినర్స్ అనే ఫైల్ ఉంటుంది. ఏ భాగానికి ఎవరు పెద్ద, ఆ భాగం చర్చ ఏ చిన్న లిస్టులో జరుగుతుంది అన్నది అందులో రాసి ఉంటుంది. ఎవరి భాగం లిస్టు వాళ్లు చదువుకుంటారు. పెద్ద లిస్టేమో అందరూ ఒక కాపీ పడేసే చోటు. ఆర్కైవ్ (పాత మెయిళ్ల నిల్వ) మొత్తం లోర్ అనే సైట్లో వెతుక్కోవడానికి వీలుగా ఉంది. అంటే నాకు కెర్నల్ విషయం ఎప్పుడైనా కావలసి వస్తే అక్కడికి వెళ్లి చూసుకోవచ్చు. దాన్ని ఇంటికి తెచ్చి పెట్టుకోనక్కర్లేదు.

కెర్నల్ పోయింది. గిట్ కూడా పోయింది. గిట్ లిస్టు నిజానికి చదవడానికి బాగుంది, ఒక్కో ప్యాచ్ (కోడ్‌లో మార్పు) మీద అంత మర్యాదగా, అంత పట్టుగా వాదించుకోవడం నేను మా ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు. కానీ నా సర్వర్‌కీ దానికీ సంబంధం లేదు.

ఫిల్టర్లు పెట్టడం ఈ రోజే నేర్చుకున్నాను. లిస్టు నుంచి వచ్చే ప్రతి మెయిల్ తలకట్టులో 'లిస్ట్-ఐడీ' అనే వరుస ఉంటుంది. 2001లోనే దానికొక ప్రామాణికం రాశారు. సబ్జెక్ట్‌లో మాటలు పట్టుకుని ఫిల్టర్ రాస్తే ఎవరో సబ్జెక్ట్ మార్చగానే తప్పిపోతుంది. లిస్ట్-ఐడీ పట్టుకుని రాస్తే తప్పిపోదు. ఒక్కో లిస్టుకు ఒక్కో ఫోల్డర్, ఇన్‌బాక్సులోకి ఏదీ రాకుండా. దిండు కింద నుంచి ఫోన్ బయటికొచ్చింది.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు పద్ధతి మార్చాను. ఏ లిస్టు గొప్పది అని కాకుండా, గత రెండేళ్లలో నాకు తగిలిన దెబ్బలు ఒక కాగితం మీద రాసి, ఒక్కో దెబ్బ గురించీ నాకు ముందుగా ఎవరు చెప్పి ఉండేవారు అని ఎదురుగా రాసుకుంటూ వెళ్లాను. నాలుగే తేలాయి. రెండు మామూలువి, డిస్క్ నిండిపోవడం, సర్టిఫికెట్ గడువు దాటిపోవడం. వాటికి ఏ లిస్టూ అక్కర్లేదు, నాకు బుద్ధి ఉంటే చాలు.

మూడోది 2024 మార్చి చివరి వారాంతం. మా వాట్సాప్ గ్రూపులో "లినక్స్ సర్వర్లన్నింటిలో దొంగ తలుపు, వెంటనే ఆపేయండి" అని ఒక ఫార్వర్డ్. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాము గొడవ అది. పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన మిషన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిన కోడ్‌ను పట్టుకున్నాడు. మార్చి 29న ఓఎస్ఎస్-సెక్యూరిటీ లిస్టులో పెట్టాడు. అదే రోజు డెబియన్ సెక్యూరిటీ అనౌన్స్‌లో కూడా మెయిల్ వచ్చింది. అందులో మనకు కావలసిన ముక్క ఒక్కటే: స్టేబుల్ (విడుదలై స్థిరపడిన) వెర్షన్లు వేటికీ ఇది సోకినట్టు తెలియరాలేదు, ఇంకా తయారీలో ఉన్న టెస్టింగ్, అన్‌స్టేబుల్ వంటివి వాడేవాళ్లే చూసుకోవాలి. నాది స్టేబుల్. ఆ ఒక్క మెయిల్ నా దగ్గర ఉండి ఉంటే శనివారం అంతా అనవసరమైన టెన్షన్ ఉండేది కాదు. నేను రెండు రోజులు సర్వర్ ఆపేసి కూర్చున్నాను. మాస్టారు ఫోన్ చేస్తే "వైరస్ అండీ" అని చెప్పాను. అబద్ధం కాదు గానీ, నిజమూ కాదు.

కాబట్టి డెబియన్ సెక్యూరిటీ అనౌన్స్ కదలకుండా ఉంటుంది. ఓఎస్ఎస్-సెక్యూరిటీ మూలానికి దగ్గర, కానీ నేను పేరు కూడా వినని ప్రోగ్రాముల లోపాలు రోజూ వస్తూ ఉంటాయి. నాకు వర్తించేవి డెబియన్ వాళ్లు వడగట్టి ఇస్తారు. చేరడం మానేసి, ఆదివారం ఆదివారం ఆర్కైవ్‌లో శీర్షికలు చూస్తే సరిపోతుంది.

ఇక నాలుగోది, 1-1. ఇక్కడే ఇరుక్కుపోయాను.

జూన్ 22, ఆదివారం

వారం రోజులుగా ఆ నాలుగో గడిలో ఏం రాయాలో తెలియడం లేదు.

మొదట పోస్ట్‌గ్రెస్ అనౌన్స్ అని రాశాను. అందులో వచ్చేవి పోస్ట్‌గ్రెస్ విడుదలలు, భద్రతా లోపాలు, చుట్టూ ఉన్న టూల్స్ కబుర్లు. ఇది పోస్ట్‌గ్రెస్‌లో మార్పు కాదాయె, వాళ్లు విడుదల ప్రకటనలో ఎందుకు చెబుతారు? కొట్టేశాను.

తర్వాత గ్లిబ్‌సి అని రాశాను. మారింది అక్కడే కదా. 2.28 విడుదల నోట్స్ తీసి చూశాను. చెప్పారు. ఐఎస్ఓ 14651 అనే ప్రామాణికం 2016 ప్రతికి తగ్గట్టుగా స్థానిక భాషల డేటాను సరిచేశామని. దానికింద ఇంకా వివరం కూడా ఉంది. వాళ్ల వైపు నుంచి ఏ లోపమూ లేదు. కానీ 2018లో నేను ఆ వాక్యం చదివి ఉన్నా నాకు మాస్టారి 1-1 గుర్తొచ్చేదా? కలలో కూడా రాదు. లిబ్‌సి-ఆల్ఫా లిస్టేమో నాలుగు రోజులు చదివితే నాకు అర్థమైన మెయిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏదో ప్రాసెసర్ మీద స్ట్రింగ్ పోల్చే ఫంక్షన్ ఇంకొంచెం వేగంగా నడవడం గురించి. గొప్ప పనే, నాకు కాదు. అది కూడా పోయింది.

అప్పుడు తట్టింది. ఈ దెబ్బ రెండు పొలాల మధ్య గట్టు మీద తగిలింది. గ్లిబ్‌సి వాళ్ల చేను బాగానే ఉంది, పోస్ట్‌గ్రెస్ వాళ్ల చేను బాగానే ఉంది. ఈ చేలోంచి ఆ చేలోకి నీళ్లు మళ్లే మడవ దగ్గర మట్టి జారింది. మరి గట్టు మీద రోజూ నడిచేవాళ్లు ఎవరు? ప్యాకేజీలు కట్టేవాళ్లు. పోస్ట్‌గ్రెస్‌ను డెబియన్‌లో ఇమిడ్చేవాళ్లకు రెండు వైపులా తెలియాలి, లేకపోతే వాళ్ల పని సాగదు.

వెతికితే పోస్ట్‌గ్రెస్ వాళ్ల దగ్గరే పీజీఎస్‌క్యూఎల్-పీకేజీ-డెబియన్ అని ఒక లిస్టు ఉంది. పేరు చూస్తే ఎవరూ చేరాలనుకోరు. ఫలానా ప్యాకేజీ కొత్త వెర్షన్ ఎక్కిందనే ఆటోమేటిక్ కబుర్లు, మధ్యమధ్యలో మనుషులు రాసే మెయిళ్లు. ఆ మనుషులు రాసేవన్నీ నాలాంటి వాడి కష్టాలే: ఈ డెబియన్ నుంచి ఆ డెబియన్‌కు మారితే ఫలానా ఎక్స్‌టెన్షన్ రావడం లేదు, ఈ పాత వెర్షన్‌కు ప్యాకేజీలు ఎన్నాళ్లు ఇస్తారు, ఇలాంటివి. ఆటోమేటిక్ వాటిని ఫిల్టర్‌తో పక్కన పెట్టేశాను. మిగిలినవి వారానికి కాఫీ తాగే లోపు అయిపోతాయి.

పదిహేనో లిస్టు ఇది. పద్నాలుగింట్లో లేనిది.

జూలై 6, ఆదివారం

డెబియన్ యూజర్, డెబియన్ డెవెల్ రెండూ మానేశాను. యూజర్ లిస్టులో సాయం చేసే మనుషులు మంచివాళ్లు. కాకపోతే ప్రింటర్ ప్రశ్న మీద మొదలైన థ్రెడ్ ఇరవయ్యో మెయిల్‌కల్లా రాజకీయాల్లో తేలుతుంది. రచ్చబండ దగ్గర కూర్చున్నంత సరదా. అయితే అక్కడ కూర్చుంటే పొలం పని సాగదని మా తాతయ్య అనేవాడు.

ఎటికెట్ విషయంలో ఈ వారం పరువు పోగొట్టుకున్నాను. పోస్ట్‌గ్రెస్ జనరల్‌లో ఒక ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు రాశాను, లిస్టుకు మాత్రమే పంపాను. అక్కడి అలవాటు 'అందరికీ జవాబు', అంటే అడిగిన మనిషికీ లిస్టుకీ రెండింటికీ వెళ్లాలి. సరే అని నేర్చుకున్నాను. మర్నాడు మానేసే ముందు డెబియన్ యూజర్‌లో ఒకరికి అలాగే రెండింటికీ పంపితే, అడగకుండా నాకు విడిగా కాపీ పంపొద్దు, లిస్టు నియమాలు చదువు అని ఒకాయన మెత్తగా మొట్టాడు. నిజమే, డెబియన్ నియమాల్లో అలాగే ఉంది. ఒక ఇంట్లో చెప్పులు బయట వదలాలి, ఇంకో ఇంట్లో వరండా దాకా తెచ్చుకోవచ్చు. అడిగి తెలుసుకోవడమే. కెర్నల్ లిస్టు సర్వరైతే ఇంకా కట్టుదిట్టం: రంగులూ బొమ్మలూ ఉన్న హెచ్‌టీఎంఎల్ మెయిల్ పంపితే లోపలికే రానివ్వదు. సాదా టెక్స్ట్ ఉండాలి.

ఇంకో పొరపాటు ఇంతకంటే పెద్దది. నా మెయిల్ కింద సంతకంలో ఫోన్ నంబర్ ఉంది. అది ఇప్పుడు లోకమంతా వెతుక్కోగల ఆర్కైవ్‌లో ఉంది. ఒకసారి ఎక్కితే తీయించడం దాదాపు జరగని పని, పైగా ఆ ఆర్కైవ్‌కు ఎన్ని చోట్ల నకళ్లుంటాయో ఎవరికి తెలుసు. చేరే ముందే లిస్టుల కోసం ఒక వేరే మెయిల్ అడ్రసు, సంతకం లేకుండా, పెట్టుకుని ఉండాల్సింది. ఇప్పుడు పెట్టుకున్నాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయట.

జూలై 20, ఆదివారం

హ్యాకర్స్ లిస్టును వదలలేక వదులుతున్నాను.

పోస్ట్‌గ్రెస్‌లోకి వచ్చే ప్రతి కొత్త విషయం ముందు అక్కడ నలగాలి. రోజుకు పదుల్లో మెయిళ్లు, కొన్ని రోజులు వంద దాటతాయి. ఒక్కో థ్రెడ్ ఏళ్ల తరబడి నడుస్తుంది. రెండు గంటల బడ్జెట్‌లో అది పట్టదని మొదటి వారమే తెలుసు. అయినా అక్కడ చదివిన ఒక థ్రెడ్ వల్ల నా ప్రాజెక్టులో ఒక నిర్ణయం జరిగింది కాబట్టి రాసుకుంటున్నాను.

2024 సెప్టెంబర్‌లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17లో సొంత కొలేషన్ (అక్షరాల వరుస) ప్రొవైడర్ ఒకటి పెట్టారు. అంటే అక్షరాల వరుస కోసం గ్లిబ్‌సిని అడగకుండా, యూనికోడ్ సంఖ్యల క్రమంలోనే పేర్చుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ మారినా వరుస మారదు. 1-1 గొడవకు మందు అదే. మరి తెలుగుకు ఆ క్రమం పనికొస్తుందా అని శనివారం రాత్రి కూర్చుని చూశాను.

చాలావరకు వస్తుంది. క గుణింతం కా, కి, కీ నుంచి కౌ దాకా సరిగానే వస్తుంది. పొల్లు గుర్తు సంఖ్య గుణింతపు గుర్తుల తర్వాత ఉంది కాబట్టి క్ర, క్ష వంటివి కౌ తర్వాత వస్తాయి, నిఘంటువుల్లో వెతికే అలవాటు ఉన్నవాళ్లకు అది సహజంగానే ఉంటుంది. తేడా వచ్చేది ళ దగ్గర. మన వర్ణమాలలో ళ, హ తర్వాత వస్తుంది. యూనికోడ్‌లో ల పక్కనే, వ కంటే ముందు పెట్టారు. అందుకని 'కళాపూర్ణోదయము' 'కవిజనాశ్రయము' కంటే ముందు వచ్చేస్తుంది. మాస్టారికి చూపించాను. కళ్లజోడు పైకి తోసి, కాసేపు చూసి, "ళకి ఇంత తొందరెందుకు?" అన్నారు. అంతే, ఒప్పుకోలేదు.

చివరికి రెండుగా విడదీశాను. నంబర్లున్న కాలమ్‌కు సంఖ్యల క్రమం, అంటే 'సి' కొలేషన్. దీనికి 17 కూడా అక్కర్లేదు, ఇప్పుడు నేను వాడే పోస్ట్‌గ్రెస్ 15లోనే ఉంది. పుస్తకం పేర్లకు ఐసీయూ అనే వేరే లైబ్రరీ ఇచ్చే తెలుగు వరుస. ఇండెక్స్ విరగడం ప్రాణం మీదికి తెచ్చేది నంబర్ల దగ్గరే, అక్కడ ఇక గ్లిబ్‌సి ప్రమేయం లేదు.

ఈ పని అయ్యాక హ్యాకర్స్ లిస్టు నుంచి బయటికొచ్చాను. ఆర్కైవ్ ఎక్కడికీ పోదు. ఏదైనా థ్రెడ్ కావాలంటే శీర్షికతో వెతుక్కుని, మొదటి మెయిలూ చివరి నాలుగు మెయిళ్లూ చదువుతాను. మధ్యలోవి ఆసక్తి ఉంటేనే. పర్‌ఫార్మెన్స్ లిస్టు గురించి రాయడానికేం లేదు. నా మొత్తం డేటాబేస్ పెన్‌డ్రైవ్‌లో పడుతుంది, నాకు పర్‌ఫార్మెన్స్ సమస్య ఎక్కడిది?

జూలై 27, ఆదివారం

హార్ఫ్‌బజ్ ఉంచుకున్నాను, యూనికోడ్ తీసేశాను. హార్ఫ్‌బజ్ అంటే అక్షరాలను తెర మీద సరిగా అమర్చే లైబ్రరీ. క కింద ష వత్తు సరిగ్గా కూర్చోవడం వెనక ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉన్నది అదే. నా సర్వర్‌కు దీనితో పనిలేదు. దెబ్బల కాగితంలో దీని పేరు లేదు. లిస్టులో మెయిళ్లు కూడా చాలా అరుదు, అసలు పనంతా గిట్‌హబ్ అనే సైట్లో జరుగుతోంది. అయినా ఉండనిస్తాను. అన్నీ లెక్క చూసుకునే చేస్తామా?

గిట్‌హబ్ అంటే గుర్తొచ్చింది. మెయిలింగ్ లిస్టు కోసం వెతికితే 'ఇక్కడ ఇక ఎవరూ లేరు' అన్న బోర్డు కనిపించిన ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి. గ్నోమ్ వాళ్లు 2022లో లిస్టులు మూసేసి డిస్కోర్స్ అనే వెబ్ చర్చావేదికకు మారారు. పైథాన్ వాళ్ల చర్చలూ అలాగే తరలిపోయాయి. అందుకే చేరే ముందు ఆర్కైవ్‌లో చివరి మెయిల్ తేదీ చూడటం అలవాటు చేసుకున్నాను. అదే చూపులో ఇంకోటి కూడా చూస్తాను: కొత్తవాడు ఎవరైనా తెలివితక్కువ ప్రశ్న అడిగితే అక్కడివాళ్లు ఎలా జవాబిచ్చారు అని. లిస్టు స్వభావం అక్కడ బయటపడుతుంది, ఎందుకంటే నేను అడగబోయేది కూడా అలాంటి ప్రశ్నే.

ఇప్పటికి చేరి ఉన్నవి: పోస్ట్‌గ్రెస్ అనౌన్స్, డెబియన్ సెక్యూరిటీ అనౌన్స్, డెబియన్ అనౌన్స్, పేరు బాగోని ఆ ప్యాకేజీల లిస్టు, హార్ఫ్‌బజ్. పోస్ట్‌గ్రెస్ అనౌన్స్‌లో ట్యాగులు ఎంచుకునే వీలుంది. కంపెనీలు అమ్ముకునే సరుకు కబుర్లు తీసేసి విడుదలలు, భద్రత మాత్రం ఉంచుకున్నాను. పోస్ట్‌గ్రెస్ జనరల్, ఓఎస్ఎస్-సెక్యూరిటీ రెండూ ఆదివారం పొద్దున ఆర్కైవ్‌లో. గడియారం పెట్టి చూశాను, ఈ వారం గంటా పది నిమిషాలు పట్టింది.

ఆగస్టు 9, శనివారం

డెబియన్ అనౌన్స్ నుంచి మెయిల్: డెబియన్ 13 విడుదలైంది. చేతులు దురద పెట్టాయి. రెండేళ్ల కిందటైతే ఈ రాత్రికే మార్చేసేవాణ్ణి.

12లో ఉన్నది గ్లిబ్‌సి 2.36, ఇందులో 2.41. 2018 నాటంత పెద్ద మార్పు ఉండకపోవచ్చు, కానీ నా నమ్మకంతో ఇండెక్సుకు పనిలేదు. ఒక ఊరట ఏమిటంటే పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ ఏ వెర్షన్ కొలేషన్‌తో కట్టారో రాసి పెట్టుకుంటుంది. తేడా వస్తే కనెక్ట్ అయిన ప్రతిసారీ హెచ్చరిస్తుంది. అప్పుడు నేను వాడిన 11లో ఆ సదుపాయం లేదు. మెయిల్‌కు నక్షత్రం పెట్టి మూసేశాను.

ఆగస్టు 14, గురువారం

సాయంత్రం పోస్ట్‌గ్రెస్ అనౌన్స్ మెయిల్ వచ్చింది. 17.6, 16.10, 15.14, 14.19, 13.22, వాటితో పాటు 18 మూడో బీటా (విడుదలకు ముందు వచ్చే పరీక్ష ప్రతి). వీళ్ల చిన్న విడుదలలు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో రెండో గురువారం వస్తాయి. ఇది తెలిశాక క్యాలెండర్లో ఆ నాలుగు గురువారాల పక్కన చుక్క పెట్టుకున్నాను, సినిమాకు టికెట్లు బుక్ చేయకుండా.

మూడు భద్రతా లోపాలు సరిచేశారు. రెండు పీజీ-డంప్‌కు, అంటే డేటాబేస్‌ను ఒక ఫైల్‌గా (డంప్) తీసి ఇచ్చే టూల్‌కు, సంబంధించినవి: ఎవరైనా దురుద్దేశంతో తయారుచేసిన డంప్‌ను మనం మన మిషన్‌లో తిరిగి ఎక్కిస్తే, అందులో దాగిన ఆజ్ఞలు మన మిషన్ మీదే నడిచే ప్రమాదం. నా డంపులు నావే కాబట్టి భయపడాల్సింది లేదు. అయినా రాత్రి తొమ్మిదిన్నరకు సర్వర్‌లో 15.14 వేసి, వెతికి చూసి, 1-1 దొరుకుతోందని ఖాయం చేసుకుని పడుకున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

ప్రతి ఆదివారం సర్వర్ డంప్‌ను ఇంట్లో లాప్‌టాప్‌లోకి ఎక్కించి, బ్యాకప్ నిజంగా పనిచేస్తోందో లేదో చూసే స్క్రిప్టు ఒకటుంది. ఈ రోజు అది మొదటి వరుసల్లోనే ఆగిపోయింది. 'రిస్ట్రిక్ట్' అనే ఆజ్ఞ నాకు తెలియదు అంటోంది.

కడుపులో రాయి పడ్డట్టయింది. డంప్ ఫైల్ తెరిచి చూస్తే పైన రిస్ట్రిక్ట్, పక్కన అర్థం లేని పొడుగాటి అక్షరాల తాళం చెవి, చివర్లో అన్‌రిస్ట్రిక్ట్. ఎవరైనా సర్వర్‌లో దూరి పెట్టారా అని ఒక నిమిషం అనిపించింది. గురువారం మెయిల్లో ఇచ్చిన విడుదల నోట్స్ మళ్లీ తెరిచాను. ఉంది. నేను సగం చదివి వదిలేసిన ఆ పీజీ-డంప్ లోపానికి విరుగుడు ఇదే. డంప్‌కు ముందూ వెనకా ఈ రెండు ఆజ్ఞలు పెట్టి, మధ్యలో ఇంకెవరి ఆజ్ఞలూ నడవకుండా తలుపేస్తుంది. తాళం చెవి డంప్‌డంప్‌కూ మారుతుంది. సర్వర్‌లో కొత్త 15.14 ఉంది, లాప్‌టాప్‌లో ఇంకా 15.13. పాతదానికి ఈ మాట తెలియదు.

అదే తాళం చెవి వల్ల ఇంకోటి కూడా జరిగింది. పుస్తకాలేవీ చేరని రోజుల్లో నిన్నటి డంపూ ఇవాళ్టి డంపూ ఒకటే అయితే కొత్తది దాచొద్దని ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాను. ఇప్పుడు రోజూ తేడా వస్తోంది. ఆ తాళం చెవిని మనమే స్థిరంగా ఇచ్చే ఆప్షన్ ఉందిగానీ, అది ఎవరికీ తెలియకపోవడంలోనే దాని బలం ఉంది కాబట్టి ముట్టుకోలేదు. పోల్చేటప్పుడు ఆ రెండు వరుసలు వదిలేయమని స్క్రిప్టుకు చెప్పాను.

లాప్‌టాప్‌లో 15.14 వేశాక డంప్ చివరి దాకా ఎక్కింది. మాస్టారు ఫోన్ చేశారు. ఏదో పాడైందని కాదు, శ్రావణమాసం కదా, నోముల కథల పుస్తకాలు ఏ ఊళ్లో ఎన్ని ఉన్నాయో చెప్పమని. చెప్పాను. డెబియన్ 13 మెయిల్ మీద నక్షత్రం అలాగే ఉంది. సంక్రాంతి సెలవుల దాకా దాని జోలికి పోను. పోయిన రోజు కొత్త మిషన్‌లో మొదట టైప్ చేసేది రెండే వరుసలు: 1-1, దాని కింద 11.